వదిన కారుకి వెడల్పు చక్రాలు

ఆడపడుచు వదినని మెచ్చుకుంటే ఎవరూ నమ్మరు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, మా వదినలో లోపాలకేం కొదవ లేదు. మనం ప్రాణాలు పోయే విషయం చెబుతుంటే ఆవిడ మన మొహం చూడదు, మన కళ్ళజోడు చూస్తుంది. "ఎడమ పక్క కాస్త దిగింది, ఇలా ఇవ్వు" అంటూ మధ్యలో చెయ్యి చాపుతుంది. ఏడుస్తున్న మనిషి ముక్కు మీంచి కళ్ళజోడు లాక్కుని, సరిచేసి మళ్ళీ పెట్టి, "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనగలదు. నాకూ అలాగే చేసింది. చేశాక చూస్తే కళ్ళజోడు నిజంగానే హాయిగా ఉంది, ఏడుపేమో ఎక్కడ ఆపానో మర్చిపోయాను. ఒళ్ళు మండదూ మరి!

ఆవిడ పనే అది. బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో ఏళ్ళ తరబడి కూర్చుంది. నంబరు డాక్టరు రాస్తాడు, అద్దాలు ఇంకెవరో కోస్తారు. ఫ్రేముని మనిషి మొహానికి కుదిరేలా వంచే పని మాత్రం మా వదినది. చిన్న వేడిగాలి యంత్రం ముందు ఫ్రేము కాడని తిప్పుతూ, వేళ్ళతో వత్తి చూస్తూ, మెత్తబడిన చోట పిసరంత వంచుతుంది. వచ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ పేరు కూడా అడగరు, "ఆ వేళ్ళావిడ ఉందా?" అని అడుగుతారు.

ఇంత నెమ్మదస్తురాలు స్పోర్ట్సు కారు నడుపుతుందంటే కొత్తవాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు, నేనేదో కోతలు కోస్తున్నట్టు. నిజమే చెబుతున్నాను. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, పచ్చి బఠాణీ రంగు. ఎంత కిందికి ఉంటుందంటే అందులోకి ఎక్కడం ఉండదు, దిగడమే. దుకాణానికి వచ్చే ఒక పెద్దాయన కారు అది. చూపు తగ్గి ఇక నడపలేనని తేలాక, "నీ చేతుల్లో ఉంటే నాకు దిగులుండదమ్మా" అని మా వదినకి అమ్మేశాడు. ఎంతకని అడక్కండి, అది నా కథ కాదు. ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించి దాన్ని అందులో పెట్టింది. ఆదివారం పొద్దున్నే తీసి కొండ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి మళ్ళీ పెడుతుంది. అదే ఆవిడ గుడి, అదే ఆవిడ సినిమా, అదే ఆవిడ పుట్టిల్లు.

ఆ చుట్టులో పక్క సీటు నాది. నేను వాళ్ళ మేడ మీద గదిలో ఉంటాను. ఆస్పత్రిలో రిసెప్షన్ దగ్గర నా ఉద్యోగం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే. ఇంటికొచ్చాక కూడా ఆపను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పిల్లి అడిగినా చెబుతుంది.

మరి కట్టుకున్న మొగుడు ఎక్కడ కూర్చుంటాడు అంటారా? మా అన్నయ్య ఆ కారెక్కడు. కొత్తలో ఒకసారి ఎక్కాడు. తిరిగొచ్చి తిన్నగా మంచమెక్కి, గోడ పట్టుకుని పడుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు రమ్మన్నా "కొట్లో పనుంది" అనేవాడు. ఆదివారం కొట్టుకి సెలవని ఊరందరికీ తెలుసు. మా వదిన మాత్రం ఎప్పుడూ "సరేనండీ" అనేది. అలా ఆయన ఆదివారాలు ఆయనవి, ఆవిడ ఆదివారాలు ఆవిడవి.

మా అన్నయ్యది సోఫాల కొట్టు. మనిషి వెన్నముద్ద, కానీ వెడల్పంటే పిచ్చి. "ఉండేది ఇద్దరమే అండీ" అని కొనేవాళ్ళు మొత్తుకుంటుంటే "రేపు చుట్టాలొస్తే?" అని ఐదుగురు పట్టేది అంటగడతాడు. ఆయన దగ్గర కొన్న ఒకాయన ఇప్పటికీ సోఫా ఎక్కి దిగి వంటింట్లోకి వెళ్తాడని చెప్పుకుంటారు. జేబులో ఎప్పుడూ ఇనుప టేపు ఉంటుంది. అమ్మే ముందు వాళ్ళింటికి వెళ్ళి గుమ్మం కొలుస్తాడు, మెట్ల మలుపు కొలుస్తాడు, గోడ కొలుస్తాడు. ఆ కొలతల్లో ఎప్పుడూ తప్పు రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక అసలు సంగతికొస్తాను. వాళ్ళ పెళ్ళిరోజున మా వదిన దుకాణానికి వెళ్ళగానే మా అన్నయ్య నన్ను కిందికి కేకేశాడు.

"ఒసేయ్, ఒకసారి షెడ్డులోకి రా. కళ్ళు మూసుకుని రా."

"కళ్ళు మూసుకుంటే గడప తన్నుకుంటాను, నేను రాను" అంటూనే వెళ్ళాను. చూద్దును కదా, కారుకి కొత్త చక్రాలు! మామూలు చక్రాలా అవి? నల్లగా తళతళా మెరుస్తూ, ఒక్కోటీ పాతదానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు. టైరు మాత్రం పలచగా పట్టీలా ఉంది, మిగతాదంతా రిమ్మే. మడ్‌గార్డు అంచు దాకా నిండుగా వచ్చి నిలబడ్డాయి.

"ఎలా ఉంది?" అన్నాడు మా అన్నయ్య ఛాతీ విరుచుకుని.

"చిట్టెలుకకి ఏనుగు కాళ్ళు పెట్టినట్టుంది."

"కదా!" అన్నాడు మురిసిపోతూ. మా అన్నయ్యకి వెటకారం అంటదు. "ఎంత నిలకడగా కూర్చుందో చూడు. తొయ్యి, ఎంత తోస్తావో తొయ్యి, ఒరగమను చూద్దాం." ఆయనే భుజం ఆనించి రెండుసార్లు తోసి చూపించాడు.

"వదినని అడిగావా?"

"అడిగితే ఇంక బహుమతి ఏముందే? అంతా నేనే కొలిచాను. చక్రం నుంచి మడ్‌గార్డు దాకా ఎంత చోటుందో చూసి, దానికి సరిపడా తెప్పించాను. టైర్ల షాపు అతను కూడా అదిరిపోయాయన్నాడు." ఆ టైర్ల షాపు అతను సైకిలుకి లారీ చక్రం వేయమన్నా అదిరిపోయిందంటాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మా అన్నయ్య మొహం చూసి మింగేశాను. అంత సంతోషంగా ఉన్నాడు వెధవ.

సాయంత్రం మా వదిన వచ్చింది. షెడ్డు గుమ్మంలో ఆగింది. చేతిసంచి కాడని వేళ్ళతో ఒకటే మెలిపెడుతోంది. "చాలా బాగున్నాయండీ" అంది. మా అన్నయ్య వెలిగిపోయాడు. అంతకుముందు ఆయన పెళ్ళాం కోసం తెచ్చినవన్నీ ఇంటికి పనికొచ్చేవే. ఆవిడ కారుకంటూ తెచ్చింది ఇదే మొదలు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాటి ఆదివారం కొండ రోడ్డుకి బయల్దేరాం. షెడ్డులోంచి బయటికి తీయడానికే మా వదిన భుజాలు చెవుల దాకా లేచాయి. ఆ కారుకి స్టీరింగుని తేలిక చేసే ఏర్పాట్లేం లేవు, ఉన్నదల్లా మనిషి చేతి బలమే. పాత సన్న చక్రాలతో వేళ్ళ కొసలతో తిప్పేది. ఇప్పుడు బావిలోంచి నిండు బిందె తోడుతున్నట్టు లాగుతోంది. వీధి మలుపులో స్టీరింగు మొత్తం తిప్పేసరికి లోపల ఎక్కడో గర్రుమంది.

"ఏమైంది వదినా?"

"లోపల రాసుకుంటోంది" అంది రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "మీ అన్నయ్య బయటి వైపు కొలిచారు. చక్రం లోపలికి కూడా వెడల్పవుతుంది కదా. అది అటూ ఇటూ తిరుగుతుందని, గుంటలో పడితే పైకి లేస్తుందని ఆయనకి తట్టలేదు పాపం. సోఫా ఒకసారి పెడితే అక్కడే ఉంటుంది."

పెద్ద రోడ్డెక్కాక ఇంకో తమాషా మొదలైంది. లారీల బరువుకి రోడ్డులో పడ్డ గాడి ఎటు పోతే కారు అటే పోతానంటోంది. తెల్లగీత తగిలినా స్టీరింగు చేతుల్లో గింజుకుంటోంది. టైర్లలో మెత్తదనం లేదాయె, ఒక్కో గులకరాయీ వచ్చి నా నడుముని పలకరించి పోతోంది. ఇంత చేసీ, యాక్సిలరేటరు నొక్కితే మునుపటిలా దూకడం కూడా లేదు. ఆ చక్రాల బరువు తిప్పుకోవడానికే దాని పని సరిపోతోంది.

కొండ మలుపుల్లో మాత్రం ఒక్క సంగతి బాగున్నట్టు తోచింది. "పట్టు గట్టిగా ఉందే! అసలు ఒరగలేదు" అన్నాను, ఏదో ఒక మంచిమాట అందామని.

"పట్టు ఎక్కువే, నేను కాదన్ను" అంది మా వదిన. "మునుపు టైరు జారబోతుంటే నాకు ముందే తెలిసేది. స్టీరింగు కాస్త తేలికయ్యేది, సీటు కింద సన్నగా కదిలేది. నేను కాలు తీసేదాన్ని, సర్దుకునేది. ఇప్పుడు ఏమీ తెలియడం లేదు. పట్టుకునే ఉంటుంది, పట్టుకునే ఉంటుంది, వదిలిన రోజు చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. ఉన్ని చేతితొడుగులు వేసి ఫ్రేము వంచమన్నట్టుంది నా పని."

సగం దారిలోనే వెనక్కి తిప్పేసింది. మునుపు ఒక్కసారికే తిరిగిపోయే చోట ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు కొట్టాల్సి వచ్చింది, పూర్తిగా తిప్పితే రాసుకుంటుందని. ఆవిడ మొహంలోకి చూశాను. నా తోడబుట్టినవాడి మీద నాకే చెడ్డ కోపం వచ్చింది.

"ఇంటికెళ్ళగానే నేను చెప్పేస్తాను."

"వద్దు."

"ఎందుకు వద్దు? ఆయనగారు ముచ్చటపడ్డాడని నువ్వు నడుం విరగ్గొట్టుకుంటావా?"

"ఒట్టు వెయ్యి, ఆడపడుచుగారూ. చెప్పనని ఒట్టు వెయ్యి." బండి రోడ్డు పక్కన ఆపేసి మరీ అడిగింది. వేశాను. ఆ తర్వాత నేను పడ్డ యాతన పగవాళ్ళకి కూడా వద్దు. ఎదురుగా మా అన్నయ్య "చక్రాలు ఎలా ఉన్నాయే?" అంటాడు, నేను నీళ్ళు నములుతాను. రిసెప్షన్లో కూర్చున్నా అదే ధ్యాస. ఒకావిడ ఎముకల డాక్టరు గది ఎక్కడని అడిగితే "లోపల రాసుకుంటోంది" అన్నాను.

ఆ వారంలోనే ఇంట్లో వింత మొదలైంది. అంతకుముందెప్పుడూ షెడ్డు గడప తొక్కని మా అన్నయ్య రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డ పట్టుకుని అందులోకి వెళ్ళి, చక్రాలు తుడవడం మొదలెట్టాడు. ఒక్కో ఊచా తుడిచి, ఊది, మళ్ళీ తుడిచేవాడు. మా వదిన టీ తీసుకుని అక్కడికే వెళ్ళేది. "ఇదేంటి? ఇదెందుకుంది?" అని ఆయన అడగడం, ఈవిడ చెప్పడం. కొన్నాళ్ళకి షెడ్డులో సోఫా కూడా వెలిసింది. మా అన్నయ్య తెచ్చాడు కాబట్టి ముగ్గురు పట్టేదే తెచ్చాడు. మేడ మీంచి చూస్తే తలుపు సందులోంచి వాళ్ళిద్దరి కాళ్ళు కనబడేవి, నవ్వులు వినబడేవి. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది.

అంతా బాగానే ఉంది కానీ కారు కదలదే! ఒక ఆదివారం తలనొప్పంది. ఇంకో ఆదివారం బీరువా సర్దాలంది. ఆ తర్వాతి వారం వానొస్తుందేమోనంది, ఆకాశంలో మబ్బుతునక లేదు. నా ఓపిక నశించి వంటింట్లో పట్టుకుని దులిపేశాను.

"ఇలా ఎన్నాళ్ళు వదినా? దాన్ని నడపకుండా నువ్వుండలేవు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి గరిటె కూడా స్టీరింగులా తిప్పుతున్నావు. ఒక్క మాట చెబితే ఆయనేం చచ్చిపోడు."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "చెబితే చక్రాలు తీసేస్తారు. తీసేశాక షెడ్డులోకి ఎందుకొస్తారు చెప్పు? ఇన్నేళ్ళు ఆ కారు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. నువ్వున్నావనుకో, కాదన్ను. కానీ ఆయన లేరు. ఇప్పుడు రోజూ వస్తున్నారు. నేను వాటిని బాగాలేవంటే మళ్ళీ 'కొట్లో పనుంది' అంటారు."

"అయితే కారు నడపడం మానేస్తావా?"

"అదే ఆలోచిస్తున్నాను" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి నా నోరు పడిపోయింది. నాకు నోరు పడిపోవడమేంటి, అంత ఘోరం చూస్తానని అనుకోలేదు.

పాత చిన్న కార్లున్నవాళ్ళది ఒక క్లబ్బు ఉంది, మా వదిన అందులో మెంబరు. ఏడాదికోసారి ఊరి బయట వాడకుండా వదిలేసిన విమానాల రన్‌వే మీద ప్లాస్టిక్ కోన్లు పెట్టి, వాటి మధ్యలోంచి మెలికలు తిప్పుతూ నడిపే పోటీ పెడతారు. కోను తగలకూడదు, ఆలస్యం కాకూడదు. మా వదిన ప్రతిసారీ వెళ్తుంది. ఈసారి కూడా పిలుపొచ్చింది. తలనొప్పి వంకో బీరువా వంకో చెప్పి తప్పించుకునేదే, ఇంతలో మా అన్నయ్య భోజనాల దగ్గర బాంబు పేల్చాడు.

"ఈసారి నేనూ వస్తున్నాను. వచ్చి చూడటం కాదు, నీ పక్కన కూర్చుంటాను. క్లబ్బు సెక్రటరీని అడిగాను, పక్కన మనిషి ఉండొచ్చన్నాడు."

మా వదిన తాగబోతున్న గ్లాసు కింద పెట్టేసింది. "మీరా? కారులోనా?"

"ఏం, నేను మనిషిని కానా? ఇప్పుడు బండి నిలకడగా ఉందిగా" అన్నాడు, పళ్ళెంలోకి చూస్తూ. చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఆవిడ ఎలా వద్దంటుంది?

పోటీ రోజున ఎండ తేటగా ఉంది. రన్‌వే పగుళ్ళలోంచి గడ్డి మొలిచి ఉంది, నారింజ రంగు కోన్లు వరసలో నిలబడి ఉన్నాయి. మా వదిన వంతు వచ్చింది. నేను తాడు ఇవతల, గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మా అన్నయ్య సీట్లోకి దిగి, బెల్టు పెట్టుకుని, తలుపు పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు. నా వైపు చూసి నవ్వబోయాడు కానీ పెదాలు మాట వినలేదు.

జెండా ఊపారు. మొదటి కోన్లు బాగానే దాటింది. నాకు తెలుసు కాబట్టి ఆవిడ చేతులే చూస్తున్నాను. మోచేతులు బయటికి వచ్చి, ఒళ్ళంతా పెట్టి తిప్పుతోంది. మధ్యలో బాగా ఇరుకు మెలిక ఒకటుంది, కారు దాదాపు ఉన్నచోటే వెనక్కి తిరగాలి. అక్కడ ఆవిడ స్టీరింగు మొత్తం తిప్పేసరికి గర్రుమని మొదలై, పగిలిన రన్‌వే అంచు మీదికి చక్రం ఎక్కి దిగగానే పెద్ద చప్పుడయింది. ఒక కోను పడింది, దాని వెనకే ఇంకోటి పడింది. మా అన్నయ్య పెట్టిన కేక నా దగ్గరికి వినబడింది.

"ఆపు! ఆపు! ఏదో విరిగింది!"

ఆపింది. నేను తాడు దాటుకుని పరిగెత్తాను. నన్నెవరో ఆగమన్నారు, వాళ్ళకేదో జవాబిచ్చాను, బాగా ఇచ్చే ఉంటాను. నేను వెళ్ళేసరికి మా అన్నయ్య చక్రం ముందు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. టైరు లోపలి అంచు గీరుకుపోయి ఉంది, మడ్‌గార్డు లోపల రంగు చెక్కుకుపోయి రేకు మెరుస్తోంది. జేబులోంచి టేపు తీశాడు. స్టీరింగు తిరిగి ఉండగానే లోపలికి చెయ్యి పెట్టి కొలవబోయాడు. టేపు దూరడానికి కూడా చోటు లేదు.

"ఇది ఇవాళ్టి గీత కాదు" అన్నాడు మెల్లగా. "ఇది పాతది. దీని మీద ఇంకోటి. ఎప్పట్నుంచి?"

మా వదిన సీట్లో అలాగే కూర్చుని స్టీరింగు వంకే చూస్తోంది. మా అన్నయ్య నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

ఒట్టు వేశానే! బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. గొడుగు పిడి వంక చూశాను, ఆకాశం వంక చూశాను, క్లబ్బు సెక్రటరీ బూట్ల వంక చూశాను.

"నువ్వు నోరు మూసుకున్నావంటే మొదటి రోజు నుంచే అన్నమాట" అన్నాడు మా అన్నయ్య.

జన్మలో ఒకే ఒక్క మాట దాచిపెట్టాను, అదీ ఇలా తగలడింది. వెనక కారువాళ్ళు హారన్లు కొడుతున్నారు. మేం ముగ్గురం బండిని పక్కకి తోసుకొచ్చాం. మా అన్నయ్య టైరుకి ఆనుకుని నేల మీదే చతికిలబడ్డాడు.

"చెప్పొచ్చుగా" అన్నాడు మా వదినతో.

"చెబితే మీరు షెడ్డులోకి రావడం మానేస్తారని" అంది ఆవిడ. పక్కన నేనున్నాననీ, అవతల జనం ఉన్నారనీ కూడా చూసుకోలేదు. "మీరు వచ్చి నా కారు తుడుస్తుంటే నాకు ఎంత బాగుండేదో మీకు తెలియదు. అది నడవకపోయినా ఫరవాలేదనుకున్నాను."

మా అన్నయ్య టేపుని లాగడం, వదలడం, లాగడం, వదలడం. చివరికి అన్నాడు, "నీకు బహుమతని అబద్ధం చెప్పాను. ఇవి నాకోసం."

"మీకోసమా?"

"ఆ కారంటే నాకు భయం. ఆ రోజు కొండ మీద అది ఒరుగుతుంటే లోయలోకి పోతున్నామనే అనుకున్నాను. వెడల్పు చక్రాలేస్తే తిరగబడదు కదా, అప్పుడు నీ పక్కన కూర్చోవచ్చు అనుకున్నాను. ప్రతి ఆదివారం మీరిద్దరూ నవ్వుకుంటూ వెళ్తుంటే నేను మూసిన కొట్లో కూర్చుని సోఫాల దుమ్ము దులిపేవాడిని. భయమని పెళ్ళాంతో ఎలా చెప్పను?"

నేనైతే అక్కడే భోరుమన్నాను. మా వదిన ఏడవలేదు. కారు దిగి వచ్చి ఆయన పక్కన కాంక్రీటు మీద కూర్చుని, ఆయన చేతిలోంచి టేపు తీసుకుని తన సంచిలో వేసుకుంది.

పాత చక్రాలు కొట్టు గోడౌన్లో ఉన్నాయి, సోఫాల మీద కప్పే ప్లాస్టిక్ కవరు చుట్టి భద్రంగా దాచాడు. మా అన్నయ్య ఏ వస్తువూ పారేయడు. మర్నాడు ఇద్దరూ కలిసి జాకీ పెట్టి కారు లేపారు. ఆయన స్పానర్ పట్టుకుంటే ఈవిడ ఎటు తిప్పాలో చెప్పింది. వెడల్పు చక్రాలు వెళ్ళి మా మెట్ల కింద కూర్చున్నాయి, నేను వాటి మీద చెప్పులు ఆరబెడుతున్నాను.

ఆదివారం పొద్దున్న నేను అలవాటుగా స్కార్ఫ్ కట్టుకుని కిందికి దిగాను. కారు వాకిట్లో ఉంది. మా అన్నయ్య దాని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని, మొహం పాలిపోయి. నన్ను చూసి "ఇవాళ నువ్వు..." అని ఆగాడు.

"నాకు చాలా పనుంది" అన్నాను. "బీరువా సర్దుకోవాలి."

ఆయన సీట్లోకి దిగాడు. "భయంగా ఉందే" అన్నాడు మా వదినతో, ఈసారి గట్టిగానే.

"మెల్లగా వెళ్తాను లెండి."

"వద్దు. నువ్వు ఎప్పుడూ ఎలా వెళ్తావో అలాగే వెళ్ళు. నేను అరిస్తే పట్టించుకోకు."

వెళ్ళారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను, బీరువా ఎక్కడికీ పోదు. ఎండ ముదిరాక కారు తిరిగొచ్చింది. మా వదిన దిగలేదు, షెడ్డులో పెట్టడానికి వెనక్కి తీస్తోంది. మా అన్నయ్య మాత్రం దిగి, గేటు పట్టుకుని నిలబడ్డాడు. దువ్వుకున్న జుట్టంతా పైకి లేచింది.

"ఎలా ఉంది అన్నయ్యా?"

"నాలుగుసార్లు చచ్చాననుకున్నాను" అన్నాడు. ఊపిరి పీల్చుకుని, షెడ్డు వైపు ఒకసారి చూసి, నా దగ్గరికి వంగాడు. పెద్ద రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "ఏమే, మీ వదిన పాడుతుందే! మలుపు తిప్పేటప్పుడు తనలో తను సన్నగా పాడుకుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినలేదు. నీకు తెలుసా?"

ఆ పాటలన్నీ నాకు వరసగా వచ్చు. ఏ మలుపులో ఏది ఎత్తుకుంటుందో కూడా చెప్పగలను. ఆ వెడల్పు చక్రాలున్న రోజున ఒక్క కూనిరాగం కూడా లేదని గమనించింది నేనే.

"నిజమా?" అన్నాను. "నాకు తెలియదే!"